సారు ఓటు, బిడ్డ చెయ్యి

“ఈ పొద్దు నీ కూతురు ఆ ఓటు కాయితం మీద ఆ మార్కు పెట్టిందంటే ఇంక నాకు ఫోన్ చెయ్యొద్దని చెప్పత్తా. నా మాటగా చెప్పు.”

ఆ మాట అని జిలాని చెప్పులేసుకోబోయాడు. ఒకటి కాలికెక్కింది. రెండోది ఎక్కలేదు. వంగితే కోపం జారిపోతుందేమో అన్నట్టు నిటారుగా నిలబడే, కాలితో దాన్ని వెతుకుతున్నాడు.

కాశమ్మ చేతిలో ఉగ్గాని గిన్నె అట్లాగే ఉండిపోయింది. అల్లుడు ఘాలాలో గ్యారేజీ డ్యూటీ మానుకుని, పొద్దున్నే మస్కట్ హమ్రియాలోని తమ గదికి వచ్చి తలుపు తట్టినప్పుడే ఏదో జరిగిందని ఆమె అనుకుంది. జిలాని డ్యూటీ మానే మనిషి కాదు. జ్వరమొచ్చినా బండి కింద దూరి పడుకునే రకం.

“తినిపో నాయనా. కోపం మామీద గాని ఉగ్గాని మీద కాదు గదా.”

“నీ మీద ఎందుకుంటాదత్తా? మామ మీద.”

ఖాదర్‌వలి జానిమాజు చాప మీద కూర్చునే ఉన్నాడు. నమాజు ఎప్పుడో అయిపోయింది. తస్బీ పూసలు మాత్రం వేళ్ళ మధ్య తిరుగుతున్నాయి. కోపం వచ్చినప్పుడు ఆయన పూసల వేగం పెరుగుతుంది. ఇంట్లోవాళ్ళకి అదే గుర్తు.

“నేనేం దొంగతనం చేయమన్నానా నీ పెండ్లాన్ని?” అన్నాడు తలెత్తకుండా.

“ఒకరి ఓటు ఇంకొకరు వేస్తే మన కడప జిల్లాలో ఏమంటారు మామా? దొంగ ఓటు అంటారు. పట్టుబడితే తల పగలగొడతారు.”

“ఆడ అట్ల కాదబ్బీ. వాళ్ళ కానూన్ వేరే. మా గోర్డన్ సారు పుట్టింది రజియా ఉండే ఆ తెల్లోళ్ళ ఊర్లో. ఈడ మస్కట్‌లో ఉన్నా ఆయనకు ఆడ ఓటుంది. పోస్టులో తెప్పిచ్చుకుంటే ఓట్లు లెక్కబెట్టిన తర్వాత కాయితం వస్తాదంట. అందుకని, నా బదులు రజియా వేస్తాదని సారు రాసిచ్చినాడు. ఆఫీసోళ్ళు ఒప్పుకున్నారు. అంతా హలాలే.”

“హలాలో హరామో మసీదు హజ్రత్ చెప్తాడులే. ఎవురికి వేయమన్నాడో అది చెప్పు.”

పూసలు ఆగాయి.

జిలాని అత్తవైపు తిరిగాడు. “వినత్తా. బయటి దేశాలోళ్ళు ఎన్నేండ్లు పని చేసినా సరే, ఆడ స్థిరపడేదానికి లేదు, పనైపోతే మూట కట్టుకొని పోవాల్సిందే అని మైకు పెట్టుకొని అరుస్తాండాడే ఒకాయప్ప, ఆయప్పకు. రజియా ముసలోళ్ళ సేవ చేసే పనికి పోయింది. ఆ పనికి పోయినోళ్ళు మొగుణ్ణీ బిడ్డనూ పిలిపిచ్చుకునే దారి ముందే మూసేసినారు. ఐదేండ్లు ఓర్చుకుంటే స్థిరంగా ఉండనిస్తారు, అప్పుడు చూసుకుందామనుకున్న్యాం. దాన్ని గూడా పదీ పదైదూ చేస్తామంటాండారు ఇప్పుడుండే సర్కారోళ్ళు. ఈయప్పొస్తే అసలు లేదంటాడంట. ఇంత సందు మిగిలుంటే, దాన్ని గూడా మూసెయ్యండి సామీ అని నా పెండ్లాం తన చేత్తో మార్కు పెట్టాల్నా?”

 జిలాని కూతురు మదీహా కడపలో అతని తల్లి దగ్గర ఉంది. అమ్మ ఫోన్‌లో ఉంటుంది, నాన్న ఇంకో ఫోన్‌లో ఉంటాడు అని ఆ పిల్ల బళ్ళో చెప్పిందట. ఆ సంగతి విన్నప్పట్నించీ జిలాని మనసు మనసులో లేదు.

ఖాదర్‌వలి మెల్లగా అన్నాడు: “నమ్మి ఇచ్చినాడు. అది అమానత్. ఇచ్చినోడికి ఇచ్చినట్టు అప్పజెప్పాల. మక్కావాళ్ళు ప్రవక్తను చంపాలని ఇంటి చుట్టూ కాపు కాసిన పొద్దు ఏమైంది? వాళ్ళు ఆయన దగ్గర దాచుకున్న సొమ్ములన్నీ ఎవురివి వాళ్ళకు అప్పజెప్పమని అలీని ఎనకనే ఉంచి పోయినాడు. కత్తి పట్టుకొని నిలబడినోళ్ళ సొమ్ము అది. దాన్నే ఎగ్గొట్టలేదే! మనమెంత?”

ఆ కథ కాశమ్మ చిన్నప్పటినుంచీ వింటున్నదే. విన్న ప్రతిసారీ ఒళ్ళు జలదరిస్తుంది. ఇప్పుడూ జలదరించింది. కానీ ఆ వెనకే ఒక సందేహం కూడా తల ఎత్తింది.

“నాకు తెలీక అడుగుతాండానయ్యా,” అంది. “అది వాళ్ళ సొమ్ము. వాళ్ళకిచ్చేస్తే అయిపోయె. ఇది సొమ్ము కాదు గదా. ఒక పని. వాళ్ళు చెప్పిన పని మన చేత్తో చేసేది గూడా అమానతేనా?”

ఖాదర్‌వలి పూసలను మళ్ళీ మొదటినుంచి పట్టుకున్నాడు. “హజ్రత్‌ను అడగాల,” అన్నాడు.

“అడుగు మామా. ఆడ ఓట్ల పెట్టెలు మూసేసినాక అడుగు,” అని జిలాని రెండో చెప్పు చేత్తో పట్టుకునే మెట్లు దిగిపోయాడు.

అడుగుల చప్పుడు వినపడకుండా పోయింది. తర్వాత కాశమ్మ గిన్నె మీద మూత పెట్టింది.

“ఒక్కటి చెప్పు. సారు ఆ పొద్దు అడిగినప్పుడు, నువ్వు విన్నది ముందా, ఒప్పుకున్నది ముందా?”

ఆయన జానిమాజు మడత పెట్టాడు. మడత పెట్టిందాన్నే మళ్ళీ విప్పి మడత పెట్టాడు.

ఆమెకు తెలుసు. సారు కారు వెనక సీట్లో కూర్చుని, “ఖాదర్, నీ కూతురు నాకొక సాయం చేస్తుందా?” అంటూ ఉండగానే ఈయన అద్దంలోకి చూసి “నో ప్రాబ్లమ్ సార్” అన్నాడు. ఆ సాయం ఏమిటో ఖురుమ్ సిగ్నల్ దాటాక గాని తెలియలేదు. ఆ మార్కు ఎవరికి పెట్టాలో ఇల్లు చేరాక గాని తెలియలేదు. అప్పటికి మాట వెళ్ళిపోయింది. నాయన ఇచ్చిన మాట కదా అని రజియా ఎదురు చెప్పలేదు. పేరు రాయమన్నచోట రాసింది.

“డ్యూటీ టైమైతాంది. పద,” అన్నాడు ఖాదర్‌వలి.

*

గోర్డన్ సారు ఇంట్లో కాశమ్మ వంటకూ, ఖాదర్‌వలి కారు నడపడానికీ కుదిరినప్పుడు జేన్ మేడమ్ బతికుంది. ఎడారిలో నీళ్ళ గొట్టాలు వేయించిన ఇంజనీరు ఆయన. ఉద్యోగం అయిపోయినా, భార్యను ఇక్కడే మట్టి చేసినా, ఊరికి పోలేదు. “అక్కడి చలి నాకు పడదు” అంటాడు. కానీ పొద్దున లేచినప్పట్నించీ రేడియోలో ఆ ఊరి సంగతులే.

ఆయన అక్క మార్గరెట్ ఆ ఊళ్ళోనే వృద్ధుల ఆశ్రమంలో ఉంది. రజియాకు అక్కడ పని దొరికిందంటే సారు పట్టుబట్టి రాసిన సిఫారసు వల్లే. ఆ ఉప్పు కాశమ్మ మరిచిపోలేదు. మరిచిపోగలిగితే ఈరోజు ఇంత బాధే లేదు.

సారు కూతురు హెలెన్ సెలవులకు వచ్చి ఉంది. ఆమె వచ్చిందంటే భోజనాల బల్ల దగ్గర రోజూ పార్లమెంటే. మొదట్లో కాశమ్మ భయపడి వంటింట్లోనే ఉండిపోయేది. ఇప్పుడు గిన్నెలు మార్చే నెపంతో తలుపు దగ్గరే నిలబడుతుంది. ఇంగ్లీషు అంతా అందకపోయినా, పోట్లాట అందుతుంది.

“మీరు ఓటెయ్యమంటున్న ఆ నాయకుడు అబద్ధాలకోరు నాన్నా,” హెలెన్ ఫోర్కు కింద పెట్టి అంది.

“మిగతావాళ్ళు సత్యహరిశ్చంద్రులా? ఆ రెండు పాత పార్టీల దుకాణాల్లోనూ ఇన్నాళ్ళూ అబద్ధాలే కొన్నాను. ఈసారి కొత్త దుకాణంలో కొంటాను.”

“అది ఎవరి కడుపు కొట్టే దుకాణమో తెలిసీ?”

“మార్గరెట్ తుంటి ఆపరేషన్‌కి రెండు చలికాలాలు కాచుకుంది. డాక్టరు కావాలంటే పొద్దున్నే ఫోన్ పట్టుకుని బతిమాలుకోవాలి. బజారువీధిలో తాళాలు తప్ప దుకాణాలు లేవు. నేను చదువుకున్న బడికి పైకప్పు కారుతోంది. ఎవడు అడిగాడు మా ఊరిని, నీకేం కావాలని? ఎవడైనా అడిగాడా?”

ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆయన మెడ ఎర్రబడింది. అది కోపం కాదు, దిగులు అనిపించింది కాశమ్మకు. సొంత ఊరు చూస్తుండగానే పాడుబడితే ఏ మనిషికైనా అంతే. దేశమేదైతేనేం?

“అత్తయ్య తుంటిని విరగ్గొట్టింది రజియా కాదు,” అంది హెలెన్. “ఆపరేషనయ్యాక అత్తయ్యని లేపి నడిపించింది రజియా.”

“నేను రజియా గురించి మాట్లాడటం లేదు!”

“మీరెప్పుడూ రజియా గురించి మాట్లాడరు నాన్నా. ఆ ‘వాళ్ళ’ గురించే మాట్లాడతారు. ఆ ‘వాళ్ళ’లో రజియా ఉంటుంది. అందుకే నన్ను వేయమన్నప్పుడు నా చేత్తో వేయనని మీ మొహం మీదే చెప్పాను. వేశానని అబద్ధం చెప్పడం నాకు చాతకాదు. ఆ ఆలుగడ్డలు ఇటివ్వండి.”

ఆయన ఇచ్చాడు.

“ఉప్పు తక్కువైంది కదా?” అన్నాడు.

“లేదు, బాగున్నాయి,” అంది ఆమె.

కాశమ్మకు ప్రతిసారీ ఆశ్చర్యం ఇక్కడే. ఆమె మేనమామలు ఇద్దరూ ఒక సర్పంచి ఎన్నికలో చెరో పక్క నిలబడి, చావులకు కూడా ఒకరింటికి ఒకరు పోలేదు. ఒకరి గోడ నీడ ఇంకొకరి మీద పడినా పంచాయితీ అయ్యేది. ఇక్కడ కన్నకూతురు తండ్రిని మొహం మీదే కాదంటుంది. ఆయన గుద్దుతాడా అన్నట్టు బల్ల మీద చెయ్యెత్తుతాడు. ఆ చేత్తోనే ఆలుగడ్డల గిన్నె జరుపుతాడు. మాట ఎంత దూరం పోయినా తిరిగి కూర్చోవడానికి కుర్చీ అట్లాగే ఉంటుంది. యా అల్లా, ఇట్లా కూడా బతకొచ్చా మనుషులు?

కాదనే హక్కు హెలెన్‌కు ఎవరిచ్చారు? ఎవరూ ఇవ్వలేదు, పుట్టినప్పట్నించీ ఉంది. మరి రజియాకు?

తీపి గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టింది కాశమ్మ. పెట్టాక వంటింట్లోకి పోవాలి. కాళ్ళు కదల్లేదు.

“సార్. ఒక మాట.”

గోర్డన్ సారు తలెత్తాడు. ఈ బల్ల దగ్గర ఆమె తనంత తానుగా మాట్లాడటం మేడమ్ పోయిన తర్వాత ఇదే మొదలు.

“కోపం చేయొద్దు సార్. మీ అమ్మాయి వేయనంది. మా అమ్మాయి వేస్తాదని మీకు ఎట్లా తెలుసు?”

తనకు వచ్చిన ఇంగ్లీషూ, హిందీ కలిపి అడిగింది.  వీసా ఈ ఇంటిది. అన్నం ఈ ఇంటిది. ఖాదర్‌వలి వింటే కళ్ళు తిరిగి పడతాడు.

“ఖాదర్ చెప్పాడుగా,” అన్నాడు ఆయన తేలిగ్గా. “నో ప్రాబ్లమ్ అన్నాడు.”

“అదే సార్ చెప్పేది. మా ఆయన నో ప్రాబ్లమ్ అంటే సరే అని కాదు.”

“మరి?”

ఏమని చెప్పాలి? తెలుగులోనే చెప్పడం కష్టం. “ఆ మాట ముందు వస్తాది సార్. మీరు అడిగేది తర్వాత వింటాడు. మాకు అందరికీ అంతే. వీసా ఇచ్చిన కఫీల్ అడిగినాడంటే నోరు దానంతట అదే అంటాది. కాదంటే ఏమైతాదో అని. కాదనేది మేము నేర్చుకోలేదు సార్.”

హెలెన్ స్పూను కింద పెట్టింది.

గోర్డన్ సారు ఆమెను కొత్తమనిషిని చూసినట్టు చూశాడు. “ఎప్పుడూ అంతేనా?”

“ఎప్పుడూ కాదు సార్. కొన్నిసార్లు.”

“వానల కాలంలో సలాలాకి కారులో వెళ్ళాం. జేన్ పచ్చటి కొండలు చూడాలంది. అప్పుడు?”

“ఆ పొద్దు ఆయనకు జ్వరం సార్.”

“అంత దూరం నడిపాడు! దారంతా కబుర్లు చెబుతూనే ఉన్నాడు!”

“నిద్ర పడతాదేమోనని సార్.”

 ఆయన చేతిలోని రుమాలు మడిచి, విప్పి, మళ్ళీ మడిచాడు. పొద్దున జానిమాజు మడిచిన భర్త గుర్తొచ్చాడు కాశమ్మకు. ఎంత తెల్లగా ఉన్నా, ఎంత నల్లగా ఉన్నా, మగవాళ్ళకు దొరికిపోయినప్పుడు చేతులకు ఒక గుడ్డ కావాలి కాబోలు.

“రజియా కూడా కాదనలేకే ఒప్పుకుందా?” అన్నాడు చివరికి.

“తెలీదు సార్. మీరు ఆమెను అడగలేదు. మేమూ అడగలేదు. నాయన ఇచ్చిన మాట అని సంతకం పెట్టింది.” కాశమ్మ తీపి గిన్నె ఆయన ముందుకు జరిపింది. “మీరు వేయమన్నట్టే వేస్తాది సార్, ఆ భయం పెట్టుకోవద్దు. చూసేవాళ్ళు లేకపోయినా వేస్తాది. ఆమె మొగుడు మాత్రం ఆ మార్కు పెడితే నాకు ఫోన్ చెయ్యొద్దంటాండాడు.”

 హెలెన్ ఏదో అనబోయింది. ఆయన చెయ్యి ఎత్తి ఆపాడు.

“ఓటు వేసేసిందా?”

“లేదు సార్. డ్యూటీ దిగి పోతానంది.”

“నీ ఫోన్ ఇటివ్వు కాశమ్మా. నంబరు కలిపి ఇవ్వు.”

ఆమె నంబరు కలిపి ఇచ్చింది. ఆయన దాన్ని తీసుకుని అద్దాల తలుపు జరిపి వరండాలోకి వెళ్ళి, తలుపు మళ్ళీ మూసేశాడు.

కాగితప్పూల తీగ పక్కన, మండే ఎండలో, టోపీ లేకుండా నిలబడి మాట్లాడుతున్నాడు. ఒక్క మాటా లోపలికి రావడం లేదు. కాసేపు ఆయన పెదాలు కదిలాయి. తర్వాత ఎక్కువసేపు కదల్లేదు. వింటున్నాడు. అవతల గేటు దగ్గర కారు తుడుస్తున్న ఖాదర్‌వలి, భార్య ఫోన్ సారు చెవి దగ్గర చూసి, తడిగుడ్డ పిండటం మరిచిపోయి నిలబడ్డాడు. నీళ్ళు అతని చెప్పుల మీద కారుతున్నాయి.

“నా జన్మంతా ఆయనతో వాదించాను,” అంది హెలెన్ మెల్లగా. “నా మాట ఇంతసేపు వినలేదు ఎప్పుడూ.”

ఆ మాటలో నవ్వుందో ఏడుపుందో కాశమ్మకు తెలియలేదు.

ఆయన లోపలికి వచ్చాడు. ఫోన్ బల్ల మీద జాగ్రత్తగా పెట్టాడు. తన కప్పులో చల్లారిపోయిన టీని చూశాడు. చల్లారిన టీని తాకని మనిషి. ఈరోజు మారు మాట్లాడకుండా దాన్ని చివరిదాకా తాగేశాడు.

“ఏం చెప్పారు నాన్నా ఆ అమ్మాయికి?” అంది హెలెన్.

“అది మా ఇద్దరి మధ్యా,” అన్నాడు, గదిలోకి పోతూ.

*

 హమ్రియాలో తమ గది మెట్ల దగ్గరకు వచ్చాక ఖాదర్‌వలి అన్నాడు: “సలాలా పోయిన పొద్దు నీకు జ్వరమా అని సారు నన్నడిగినాడు. ఆ సంగతి ఎందుకు చెప్పినావు?”

“అడిగినాడు. అడిగితే చెప్పాల గదా.”

“సాయంత్రం కారు తాళాలు ఇస్తాంటే ఏమన్నాడో తెలుసునా? ‘ఖాదర్, రేపట్నుంచి నో ప్రాబ్లమ్ అనే ముందు పది లెక్కబెట్టు’ అన్నాడు.”

“నువ్వేమన్న్యావు?”

“నో ప్రాబ్లమ్ సార్ అన్న్యా.”

కాశమ్మకు నవ్వొచ్చింది. ఆయనకూ వచ్చింది గాని పైకి రానీయలేదు.

ఆ నవ్వు రెండో అంతస్తు మెట్ల మీద ఆగిపోయింది. జిలాని అక్కడ కూర్చుని ఉన్నాడు. రూముకి పోలేదు, డ్యూటీకీ పోలేదు. ఎండకు మొహం కమిలిపోయింది. ఎక్కడెక్కడ తిరిగాడో.

“లోపలికి రా నాయనా.”

“ఈడనే బాగుండాది అత్తా.”

సందెవేళ మగ్రిబ్ అజాన్ వినపడింది. మామా అల్లుళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండానే లేచి, పక్కపక్కనే నడిచి మసీదుకు పోయారు. కోపాలు ఎన్నున్నా నమాజులో భుజానికి భుజం తగలాల్సిందే. ఆ కట్టుబాటు పెట్టినవాడి తెలివికి కాశమ్మ ఎన్నోసారో మనసులోనే దండం పెట్టుకుంది. గది తలుపు మూసి తనూ నమాజు చేసుకుంది. దువాలో ఏం అడగాలో తెలియలేదు. ఆ మార్కు పెట్టాలని అడగాలా, పెట్టకూడదని అడగాలా? “నా బిడ్డకు దారి చూపించు సామీ” అని ఊరుకుంది.

వాళ్ళు తిరిగొచ్చారు. ఖాదర్‌వలి లోపలికి వచ్చాడు. జిలాని గడప బయటే నిలబడ్డాడు. అప్పుడు ఫోన్ మోగింది.

“అమ్మా,” రజియా గొంతు. గాలి హోరు వినపడుతోంది. నడుస్తూ మాట్లాడుతోంది. “వేసొచ్చినా.”

కాశమ్మ స్పీకరు పెట్టింది. గడప బయట నీడ కదల్లేదు.

“ఎట్ల జరిగింది బిడ్డా? భయమైందా?”

“భయమెందుకుమ్మా! ఒక చిన్నపిల్లోళ్ళ బడి. గోడలకు పిల్లోళ్ళు గీసిన బొమ్మలు. బయట జనం కుక్కల్ని కట్టేసి, ఓటేసి, మళ్ళా పట్టుకొని పోతాండారు. పోలీసు లేడు, జెండా లేదు, పార్టీవోడు జీపుల్లో తిప్పేది లేదు. ఒక ముసలామె నా పాసుపోర్టు చూసింది. మన పాసుపోర్టేమ్మా, సింహాల బొమ్మది. చూసి, థాంక్యూ బంగారూ అన్నట్టు నవ్వి, రెండు కాయితాలిచ్చింది. ఇది నీది, ఇది ఆయనది అనింది. అంతే.”

“ఏలికి సిరా?”

“లేదుమ్మా. దారానికి కట్టిన పెన్సిలు ఉంటాది. దాంతో మార్కు పెట్టేదే.”

“పెన్సిలా!” ఖాదర్‌వలి ఆగలేకపోయాడు. “ఎవుడన్నా చెరిపేస్తే?”

“ఎవుడు చెరుపుతాడు నాయనా?”

 కాశమ్మకు తమ ఊరి పోలింగులు గుర్తొచ్చాయి. కడప జిల్లాలో ఒక ఓటు కాపాడటానికి ఎందరు పోలీసులు, ఎన్ని తుపాకులు! అక్కడ దారానికి కట్టిన పెన్సిలు. ఒకప్పుడు మనల్ని ఏలినవాళ్ళ దేశం. ఆ పాత ఏలుబడి తాలూకు బంధంవల్లే, మన పాసుపోర్టు ఉన్నవాళ్ళకు అక్కడ ఉన్నన్నాళ్ళూ ఓటుంటుందని సారే చెప్పాడు ఒకసారి. వాళ్ళను ఎవరు ఏలాలో, సారు ఇంట్లో అంట్లు తోమి పెంచుకున్న పిల్ల చెబుతుంది. నమ్మేట్టుందా? సముద్రం మొదటిసారి చూసినప్పుడు కూడా కాశమ్మకు ఇంత చిన్నదాన్నైపోయానని అనిపించలేదు. ఇంత పెద్దదాన్నైనాననీ అనిపించలేదు.

ఖాదర్‌వలి గొంతు సవరించుకున్నాడు. “సారు మాట ప్రకారమే పెట్టినావు గదమ్మా?”

అటువైపు రజియా అడుగుల చప్పుడు ఆగింది.

“సారు ఏం చెప్పినాడు నీకు?” ఈసారి కాశమ్మ అడిగింది.

“చానా చెప్పినాడుమ్మా. మొదట సారీ చెప్పినాడు, నిన్ను అడక్కుండా నీ పేరు పెట్టినా అని. తర్వాత నువ్వేం అనుకుంటాండావో చెప్పు అన్న్యాడు. చెప్పినా. అంతా చెప్పినా. వినినాడు. ఆ తర్వాత తన ఓటు ఎట్ల వెయ్యాల్నో చెప్పినాడు.”

“ఎట్ల?”

“అది చెప్పేది కాదుమ్మా.”

“నాకు చెప్పొచ్చులే,” అన్నాడు ఖాదర్‌వలి.

“నీకు గూడా కాదు నాయనా. నువ్వే గదా చెప్పేది, అమానత్ అని. ఇచ్చినోడికి ఇచ్చినట్టే అప్పజెప్పినా. దాన్ని నడిబజార్లో విప్పి చూపిచ్చేది లేదు.”

ఖాదర్‌వలి తెల్లబోయాడు. ఏదో అనబోయి, ఆగి, పెదాలు కదుపుతూ ఉండిపోయాడు. పది లెక్కబెడుతున్నాడేమో అనుకుంది కాశమ్మ. ఆ మొహంలో కోపం లేదు. మసీదులో గొప్ప మాట విన్నప్పుడు ఎట్లా ఉంటాడో అట్లా ఉన్నాడు.

గడప బయట నీడ ఒక అడుగు లోపలికి వచ్చింది.

రజియా గొంతు తగ్గింది. “అమ్మా. ఆయన ఆడ ఉండాడా?”

కాశమ్మ అల్లుడి వైపు చూసింది. జిలాని ఫోన్ వైపే చూస్తున్నాడు.

“ఉండాడమ్మా.”

“అయితే ఒక మాట చెప్పు. సారు ఓటే కాదు, నా ఓటు గూడా ఎవురికేసినానో చెప్పను. ఈ దేశంలో మొగుడు గూడా అడగగూడదంట. ఆ గుడ్డ అడ్డం పెట్టిన మూలలో నిలబడినప్పుడు నా ఎనక ఎవురూ లేరుమ్మా. నాయన లేడు, ఆయన లేడు, సారు లేడు. నా చెయ్యి, పెన్సిలు, అల్లా. అంతే. బతుకులో మొదటిసారి.” గాలి హోరులో ఆమె నడక మళ్ళీ మొదలైంది. “ఫోన్ చెయ్యొద్దన్న్యాడంట గదా, సారు చెప్పినాడు. నేను చేసేది మానను. అది అడక్కుండా ఉంటే, ఎంతసేపైనా మాట్లాడతా. అడిగితే పెట్టేస్తా. చెప్పు ఆయనకు.”

చెప్పాల్సిన పనిలేదు. గది చిన్నది. అంతా వినపడింది.

కింద వీధిలో ఎవరో ఉర్దూలో పుచ్చకాయల బేరమాడుతున్నారు. పొద్దున మూత పెట్టిన ఉగ్గాని గిన్నె ఇంకా పొయ్యి పక్కనే ఉంది. ఖాదర్‌వలి అల్లుణ్ణి చూడకుండా గోడ వైపు చూస్తున్నాడు.

జిలాని చెప్పులు విడిచాడు. ఈసారి రెండూ వంగి, చేత్తో తీసి, గోడవారన జతగా పెట్టాడు. లోపలికి వచ్చి అత్త ముందు చెయ్యి చాపాడు.

కాశమ్మ ఫోన్ ఇచ్చింది. అతను స్పీకరు తీసేసి చెవికి ఆనించుకున్నాడు. అతని పెదాల మీద ఆ ప్రశ్న నిలబడి ఉండటం ఆమెకు కళ్ళకు కట్టినట్టు కనపడింది. ఒక్కసారి గొంతు దాటిందంటే ఆ పక్క ఫోన్ ఆగిపోతుంది. ఇన్నాళ్ళ కాపురమూ ఆ ఒక్క మాట మీద ఊగుతోంది.

“రజియా,” అన్నాడు.

ఆ తర్వాత చాలాసేపు ఏమీ అడగలేదు.